బావగారి బ్యాడ్జిలో 112 మిల్లీసీవర్ట్లు వచ్చింది. క్రోమోజోమ్ టెస్టు దేనికి?

గాజువాక తమ్ముడు:

అందరికీ నమస్కారం. మా బావగారు ఎన్‌డీటీ (వస్తువును పగలగొట్టకుండా లోపలి లోపాలు చూసే పరీక్ష) పనిలో రేడియోగ్రాఫర్. పైపుల వెల్డింగ్ జాయింట్లకు ఇరిడియం సోర్స్‌తో ఫిల్మ్ తీస్తారు. మిగతా పనివాళ్లందరూ వెళ్లిపోయాక చేసే పని కాబట్టి ఎక్కువగా నైట్ డ్యూటీలే. తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ దగ్గర పెట్టుకుంటారు, దాన్ని మూడు నెలలకోసారి రీడింగ్‌కు పంపుతారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఒకటీ రెండూ మిల్లీసీవర్ట్లు (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలత) దాటలేదు. ఈసారి రిపోర్టులో 112 అని వచ్చింది.

కంపెనీవాళ్లు మొదట, బ్యాడ్జిని కెమెరా (సోర్స్‌ను లోపల ఉంచే పెట్టె) పక్కన మర్చిపోయానని రాసి సంతకం పెట్టమన్నారు. బావగారు పెట్టలేదు. బ్యాడ్జి ఎప్పుడూ చొక్కాకే ఉందని ఆయన గట్టిగా చెబుతున్నారు. ఇప్పుడు క్రోమోజోమ్ టెస్టుకు రక్తం ఇవ్వమంటున్నారు.

మా అక్కకు ఒకటే టెన్షన్. రెండో బిడ్డ కోసం అనుకుంటున్న సమయంలో ఇది వచ్చిపడింది. నేను బీకామ్ చదివాను, సైన్స్ టెన్త్‌తోనే ఆగిపోయింది. అందుకని తెలిసినవాళ్లను అడుగుతున్నాను. రేడియేషన్ క్రోమోజోమ్‌ను అసలు ఎలా పాడుచేస్తుంది? ఎప్పుడో తగిలినది ఇప్పుడు రక్తంలో ఎలా తెలుస్తుంది? పాడైనది మళ్లీ బాగవుతుందా? మనిషి మాత్రం మామూలుగానే ఉన్నారు. వాంతులు, నీరసం ఏమీ లేవు.

జుబైల్ నైట్‌షిఫ్ట్:

బ్రదర్, నాదీ ఇదే ఫీల్డ్, ఇప్పుడు సౌదీలో ఉన్నాను. సంతకం పెట్టకపోవడం చాలా మంచి పని. మన దేశంలో రేడియేషన్ పనివాళ్లకు ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్లు దాటకూడదు, ఐదేళ్ల సగటు 20 లోపే ఉండాలి. 112 అంటే ఏఈఆర్‌బీకి (కేంద్ర అణుశక్తి నియంత్రణ బోర్డు) జవాబు చెప్పాల్సిన అంకె.

బావగారిని ఇవి అడగండి. ఆ మూడు నెలల్లో సోర్స్ ఎప్పుడైనా గైడ్ ట్యూబ్‌లో (కెమెరా నుంచి సోర్స్ బయటికి వచ్చే గొట్టం) ఇరుక్కుందా? సోర్స్‌ను వెనక్కి లాగాక ప్రతిసారీ అక్కడ రేడియేషన్ ఎంతుందో చూపే సర్వే మీటర్ చేత పట్టుకునే దగ్గరికి వెళ్లారా? జేబులో పాకెట్ డోసిమీటర్ (తగిలిన డోసును అప్పటికప్పుడే చూపేది) ఉందా, ఉంటే ఆ రీడింగ్ లాగ్‌బుక్‌లో రాశారా? బ్యాడ్జి ఉన్న డ్రెస్సును ఎప్పుడైనా సోర్స్ పెట్టే గదిలో తగిలించి వచ్చారా? అన్నిటికంటే ముందు, గైడ్ ట్యూబ్‌ను చేత్తో పట్టుకున్నారా అని అడగండి.

పాత మైక్రోస్కోప్:

బాబూ, నేను క్రోమోజోమ్ ల్యాబ్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. మీ బావగారు ఇవ్వబోయే రక్తం లాంటి శాంపిళ్ల స్లైడ్లు మైక్రోస్కోప్ కింద పెట్టుకుని లెక్కపెట్టడమే నా ఉద్యోగం. మీరు అడిగిన వరసలోనే చెబుతాను. కాస్త పొడుగవుతుంది. అక్కను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఇరిడియం-192 నుంచి వచ్చేది గామా కిరణం. ఒంట్లోంచి పోతూ దారిలో ఉన్న అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అలా ఊడిన ఎలక్ట్రాన్ తిన్నగా డీఎన్‌ఏకే తగలవచ్చు. కానీ కణంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఎక్కువసార్లు దెబ్బ నీటికి తగులుతుంది. నీటి అణువు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనేది పుడుతుంది. అది ఎంత చురుకైనదంటే పుట్టినచోటు నుంచి కొన్ని నానోమీటర్లు కదిలేలోపే పక్కనున్న దేనితోనో కలిసిపోతుంది. పక్కన డీఎన్‌ఏ ఉంటే దాన్నే కొడుతుంది. గామా, ఎక్స్ కిరణాల వల్ల డీఎన్‌ఏకు జరిగే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఇలా నీటి ద్వారా జరిగేదే.

ఇదంతా రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టదు. సోర్స్ మళ్లీ కెమెరా లోపలికి వెళ్లిపోయాక ఒంట్లో కిరణం ఏదీ మిగలదు. అది సీల్ చేసిన సోర్స్, పొడి కాదు, ద్రవం కాదు, కాబట్టి బట్టలకూ చేతులకూ అంటుకుని ఇంటికి వచ్చేది కూడా ఏమీ లేదు. మీ బావగారి నుంచి ఇంట్లో ఎవరికీ ఏమీ సోకదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి రిపోర్టు రాగానే చంటిబిడ్డను తండ్రి పక్కన పడుకోనివ్వని ఇళ్లు ఉన్నాయి. ఆ తండ్రుల ముఖాలు నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇక క్రోమోజోమ్ సంగతి. మన ఒక్కో కణంలో 46 క్రోమోజోములు, అన్నిట్లోని డీఎన్‌ఏ సాగదీస్తే రెండు మీటర్ల దాకా ఉంటుంది. డీఎన్‌ఏ రెండు పోగుల తాడు. గ్రే అంటే ఒళ్లు పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత. ఒక గ్రే డోసు తగిలితే ఒక్కో కణంలో దాదాపు వెయ్యి చోట్ల ఒక పోగు తెగుతుంది, 35 నుంచి 40 చోట్ల రెండు పోగులూ ఒకేచోట తెగుతాయి. వెయ్యి అని భయపడకండి. ఒక పోగు తెగితే రెండో పోగును చూసుకుని కణం ఉన్నది ఉన్నట్టు పూడ్చేస్తుంది. రేడియేషన్‌తో పనిలేకుండానే మామూలు శ్వాస, జీర్ణం వల్ల రోజూ మన ప్రతి కణంలో ఇలాంటివి వేలల్లో జరుగుతూనే ఉంటాయి. చిక్కంతా రెండూ తెగినచోట. అక్కడ చూసి రాసుకోవడానికి రెండో పోగు ఉండదు, రెండు కొసలూ విడిపోతాయి. రేడియేషన్ ప్రత్యేకత కూడా ఇదే. ఎలక్ట్రాన్ తన దారి చివర దగ్గరదగ్గరగా చాలా దెబ్బలు వేస్తుంది. కొన్ని నానోమీటర్ల లోపలే ఇక్కడ పోగు తెగి, అక్కడ డీఎన్‌ఏ రాతలో ఒక అక్షరం పాడై, పక్కన ఇంకోటి తెగి, అంతా ఒకేచోట కుప్పగా ఉంటుంది. మామూలు అరుగుదలలో దెబ్బలు ఇలా గుంపుగా పడటం చాలా అరుదు.

మీ బావగారి 112 నిజంగా ఒంటికే తగిలి ఉంటే, గామా కిరణాలకు అది సుమారు 0.11 గ్రే. అంటే ఒక్కో కణంలో సగటున నాలుగు చోట్ల రెండు పోగులూ తెగి ఉంటాయి. వాంతులు లాంటివి దాదాపు ఒక గ్రే దగ్గర నుంచి మొదలవుతాయి కాబట్టి ఆయనకు ఏమీ అనిపించకపోవడం సహజమే. దాన్నిబట్టి ఒంటికి తగల్లేదని మాత్రం అనుకోలేం.

తెగాక కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. సెకన్లలోనే కేయూ అనే ప్రోటీన్ తెగిన కొసలను పట్టుకుంటుంది. ఏటీఎమ్ అనే ఇంకో ప్రోటీన్ కణమంతటికీ హెచ్చరిక పంపి, విభజన ఆపేయిస్తుంది. కొన్ని గంటల్లో ఎక్కువ భాగం అతుక్కుంటాయి, మర్నాటికి దాదాపు అన్నీ. అయితే రక్తంలో తిరిగే లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) విభజన లేకుండా విశ్రాంతిగా ఉండే కణాలు. తెగినదాన్ని చూసి రాసుకోవడానికి వాటి దగ్గర ఇంకో కాపీ ఉండదు. ఉన్న దారల్లా రెండు కొసలను తెచ్చి కలిపేయడమే. ఆ కలిపే యంత్రాంగం ఇది ఏ క్రోమోజోమ్ కొస అని చూడదు. చుట్టుపక్కల తెగినది ఒక్కటే అయితే దాదాపు ఎప్పుడూ సరైన కొసలే కలుస్తాయి. పక్కపక్కన ఉన్న రెండు క్రోమోజోములు ఒకే సమయంలో తెగితేనే ప్రమాదం. మగ్గం మీద రెండు పోగులు ఒకేసారి తెగినప్పుడు చీకట్లో ఒకదాని కొస తెచ్చి ఇంకోదానికి ముడివేసినట్టు అవుతుంది. ఇన్నేళ్లు స్లైడ్లు చూసిన దాన్ని, నేను మీకు ఒక్క సంగతి గట్టిగా చెప్పాలంటే ఇదే చెబుతాను. క్రోమోజోమ్‌కు పెద్ద చేటు తెగినందువల్ల కంటే తప్పుగా అతికినందువల్లే ఎక్కువ.

తప్పుగా అతకడం రెండు రకాలు. ప్రతి క్రోమోజోమ్‌కూ సెంట్రోమియర్ అని ఒక నడుము ఉంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోమ్‌ను లాగేది అక్కడ పట్టుకునే. నడుము ఉన్న ముక్కకు పక్కదాని నడుము లేని ముక్క అతికితే దాన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటాం. తోకలు మారిపోయినా రెండింటికీ ఒక్కో నడుము ఉంటుంది కాబట్టి కణం బతికేస్తుంది. నడుములు ఉన్న రెండు ముక్కలూ ఒకదానికొకటి అతికితే రెండు నడుముల క్రోమోజోమ్ తయారవుతుంది. అదే డైసెంట్రిక్. మిగిలిన రెండు తోకలు కలిసి ఏ నడుమూ లేని ముక్కగా పక్కన పడి ఉంటాయి. ఈ రెండు రకాలూ ఇంచుమించు సమానంగానే పుడతాయి.

డైసెంట్రిక్ ఉన్న కణం విభజనకు దిగితే రెండు నడుములను రెండు వైపులకు లాగవచ్చు. అప్పుడు మధ్యలో వంతెనలా సాగి తెగుతుంది. మొక్కజొన్నలో ఈ వంతెనలను 1930ల్లోనే బార్బరా మెక్‌క్లింటాక్ చూశారు. నడుము లేని ముక్కను పట్టి లాగేది ఏదీ ఉండదు కాబట్టి అది దారి తప్పి పోతుంది. అందులోని జన్యువులతో సహా పోతుంది. అందుకే అలాంటి కణాలు ఎక్కువగా విభజనలో చచ్చిపోతాయి. కానీ విభజనకు దిగని లింఫోసైట్ ఆ తప్పు ముడిని అలాగే లోపల దాచుకుని నెలల తరబడి రక్తంలో తిరుగుతూ ఉంటుంది. మూడు నెలల కిందటిది ఇప్పుడెలా తెలుస్తుంది అన్నారే, జవాబు ఇదే. ఏడాది నుంచి మూడేళ్లలో వీటి సంఖ్య సగానికి తగ్గుతుంది. కాబట్టి ఆలస్యం చేయకండి.

ల్యాబ్‌లో మేం చేసేది ఆ నిద్రపోతున్న కణాలను లేపడం. రాజ్మా గింజల నుంచి తీసే ఫైటోహిమాగ్లూటినిన్ అనే పదార్థం లింఫోసైట్లను విభజనకు పురిగొల్పుతుందని 1960లో పీటర్ నోవెల్ కనిపెట్టారు. ఇప్పటికీ అదే వాడుతున్నాం. 37 డిగ్రీల వేడిలో 48 గంటలు ఉంచుతాం. అంతకంటే ఎక్కువ ఉంచితే కణాలు రెండో విభజనకు వెళ్లిపోతాయి, డైసెంట్రిక్‌లు సగం పోతాయి, లెక్క తప్పుతుంది. చివర్లో కాల్సెమిడ్ వేసి క్రోమోజోములు బాగా కురచగా, లావుగా ఉన్న దశలో ఆపేస్తాం. ఉప్పు తక్కువగా ఉన్న ద్రావణంలో వేస్తే కణాలు ఉబ్బుతాయి. మూడు వంతుల మిథనాల్, ఒక వంతు అసిటిక్ ఆమ్లంలో స్థిరపరచి, స్లైడ్ మీద చుక్క వేసి, గీమ్సా రంగు పెడతాం. ఆ తరవాత మొత్తం కంటి పని. ఒక్కో కణంలో 46 ఉన్నాయా, ప్రతిదానికీ నడుము ఒక్కటేనా, రెండు నడుములు కనిపిస్తే పక్కన దాని తాలూకు ముక్క ఉందా? రెండు మామూలు క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడినా డైసెంట్రిక్‌లాగే కనిపిస్తాయి. అందుకని ఒకరు పట్టినదాన్ని ఇంకొకరు చూడకుండా లెక్కలో వేయం.

రేడియేషన్‌కు సంబంధం లేని ఆరోగ్యవంతుడి రక్తంలో వెయ్యి కణాలకు ఒక డైసెంట్రిక్ ఉంటే ఉంటుంది. ఒక గ్రే ఒక్కసారిగా తగిలితే వంద కణాల్లోనే ఎనిమిది, పది కనిపిస్తాయి. 0.11 గ్రేకు వెయ్యి కణాల్లో నాలుగు దాకా రావచ్చు. ఇది పట్టుకోగలిగినదాని అంచు, అందుకే కనీసం వెయ్యి కణాలు చూడమని అడగండి.

తగిలిన తీరు కూడా ముఖ్యం. కార్ల్ సాక్స్ అనే శాస్త్రవేత్త 1938 నుంచి ట్రెడెస్కాన్షియా మొక్క మొగ్గల మీద ఎక్స్ కిరణాలు వేసి చూశారు. దాని పుప్పొడి కణంలో ఆరే క్రోమోజోములు, అవీ పెద్దవి. రెండు వేరువేరు క్రోమోజోములు కలిసి తెగితేనే డైసెంట్రిక్ వస్తుంది కాబట్టి, డోసు రెట్టింపైతే అవి రెట్టింపు కంటే ఎక్కువ పెరిగాయి. అదే డోసు మెల్లగా ఇస్తే తగ్గాయి, ఎందుకంటే రెండోది తెగేలోపు మొదటిది అతుక్కుపోయింది. కాబట్టి మీ బావగారికి 112 ఒక్క రాత్రిలో తగిలిందా, మూడు నెలల్లో కొంచెం కొంచెంగానా అన్నది ల్యాబ్‌కు చెప్పాలి.

రక్తం ఇచ్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. హెపారిన్ ఉన్న ట్యూబ్‌లోనే తీయాలి, మామూలు బ్లడ్ టెస్టుల ఈడీటీఏ ట్యూబ్ వద్దు. ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు, ఎండలో ఉంచకూడదు, గది వేడిలోనే త్వరగా చేర్చాలి. విమానంలో పంపితే ఎక్స్‌రే స్కానర్‌లో పెట్టవద్దని ప్యాకెట్ మీద రాయించండి. ఆయనకు ఇదివరకు సీటీ స్కాన్, క్యాన్సర్ మందులు, థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ లాంటివి ఏమైనా ఉంటే దాచకుండా చెప్పాలి.

జుబైల్ బాబు అడిగిన చేతి ప్రశ్న చాలా విలువైనది. రక్తం చెప్పేది ఒళ్లంతటికీ తగిలినదాని సగటు మాత్రమే. వేళ్లకు మాత్రమే పెద్ద డోసు తగిలితే క్రోమోజోమ్ టెస్టులో దాదాపు ఏమీ కనిపించకపోవచ్చు. అది చర్మం మీద తెలుస్తుంది. రెండు మూడు వారాలకు ఎర్రబడటం, మంట, పొక్కులు. అలాంటిదేమైనా అయిందా?

నల్గొండ శ్రీను:

మేడమ్, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు పోయిన నెల కడుపు సీటీ స్కాన్ తీశారు. ఇది చదివాక నాకూ భయం పట్టుకుంది. ఇలా ముడులు తప్పుగా పడతాయా?

గాజువాక తమ్ముడు:

మేడమ్, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. అక్కకు మొత్తం చదివి వినిపించాను. పాప మళ్లీ వాళ్ల నాన్న దగ్గరే పడుకుంటోంది, అదొక్కటి చాలు మాకు.

బావగారిని అడిగాను. ఒక రాత్రి సోర్స్ సగంలో ఇరుక్కుందట. సర్వే మీటర్ ఆ రోజు పనిచేయలేదు. లోపలికి వెళ్లిపోయిందనుకుని దగ్గరికి వెళ్లి ఫిల్మ్ తీశారు, ఇంకో జాయింట్‌కు ట్యూబ్ మార్చబోతే హ్యాండిల్ తేడాగా తిరిగింది, అప్పుడు తెలిసిందట. ట్యూబ్‌ను తను చేత్తో పట్టుకోలేదంటున్నారు. వేళ్లు బాగానే ఉన్నాయి. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మేం భయపడతామని.

పిల్లల సంగతి ఒక్కటి చెప్పండి. అక్క అడగమంది. ఆ తప్పు ముడులు బిడ్డకు వస్తాయా?

పాత మైక్రోస్కోప్:

ముందు శ్రీను గారికి. కడుపు సీటీ అంటే సుమారు 10 మిల్లీసీవర్ట్లు. ఇందాకటి లెక్కన రెండు మూడు కణాలకు ఒకచోట రెండు పోగులూ తెగుతాయి. పక్కన కలవడానికి ఇంకో తెగిన కొస ఉండటమే అరుదు కాబట్టి దాదాపు అన్నీ సరిగ్గానే అతుక్కుంటాయి. మనందరికీ భూమి నుంచి, ఆకాశం నుంచి, గాలిలోని రాడాన్ నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్లు ఎలాగూ వస్తుంది. డాక్టరు అవసరమని తీయించిన స్కాన్ గురించి బెంగపడకండి. అవసరం లేకుండా తీయించుకోకండి.

ఇప్పుడు అక్కకు. అమ్మా, రక్తకణంలో పడిన ముడి బిడ్డకు రాదు. రక్తకణంలో ఉన్నది రక్తంలోనే ఉండి, రక్తంలోనే పోతుంది. బిడ్డకు వెళ్లేది వీర్యకణంలో ఉన్నది మాత్రమే. కాబట్టి క్రోమోజోమ్ టెస్టులో రెండు డైసెంట్రిక్‌లు వస్తే బిడ్డకు రెండు లోపాలు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

వీర్యకణాలు తయారుచేసే కణాలకు కూడా ఆ రాత్రి కిరణాలు తగిలి ఉంటాయి, అది కాదనను. వీర్యకణం తయారుకావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఆ రాత్రి సగంలో ఉన్నవన్నీ మూడు నెలల్లో బయటికి వెళ్లిపోతాయి. తరవాత వచ్చేవి మూలకణాల నుంచి కొత్తగా పుట్టేవి. ఆ మూలకణాలు తమ దెబ్బలను బాగు చేసుకోగలవు, బాగు చేసుకోలేనివి చాలావరకు చచ్చిపోతాయి. అందుకే ఎక్కువ డోసు తగిలినవాళ్లను కొన్ని నెలలు ఆగమంటారు. మీ విషయంలో ఎంతకాలం ఆగాలో రిపోర్టు చూసి డాక్టరే చెప్పాలి.

రేడియేషన్ వల్ల జన్యువుల్లో మార్పులు వస్తాయని, అవి తరవాతి తరానికి వెళ్తాయని హెర్మన్ ముల్లర్ 1927లో పండు ఈగల మీద రుజువు చేశారు, 1946లో ఆయనకు నోబెల్ వచ్చింది. మనుషుల్లో ఏమవుతుందో చూడటానికి హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడినవాళ్లకు తరవాత పుట్టిన పిల్లలను, వేలమందిని, దశాబ్దాల పాటు పరిశీలించారు. ఆ తల్లిదండ్రుల్లో కొందరికి మీ ఆయనకు వచ్చినదానికంటే చాలా రెట్లు తగిలింది. వాళ్ల సొంత రక్తంలో ట్రాన్స్‌లొకేషన్లు దశాబ్దాల తరవాత కూడా కనిపించాయి. పిల్లల్లో మాత్రం పుట్టుకతో వచ్చే లోపాలు గానీ, క్రోమోజోమ్ తేడాలు గానీ మిగతావాళ్ల కంటే స్పష్టంగా ఎక్కువ కనిపించలేదు. కేరళలో కొల్లం దగ్గర మోనజైట్ ఇసుక వల్ల నేల రేడియేషనే ఎక్కువ. మన భీమిలి తీరంలో కూడా ఆ ఇసుక ఉంది. కొల్లం వైపు వేలమంది శిశువుల బొడ్డుతాడు రక్తంలో క్రోమోజోములు లెక్కపెట్టి చూశారు, మిగతా చోట్ల పుట్టినవాళ్లతో పోలిస్తే పెద్ద తేడా లేదు.

ఒక నిజం కూడా దాచకుండా చెప్పాలి. డైసెంట్రిక్ భయంకరంగా కనిపిస్తుంది గానీ దానివల్ల పోయేది ఆ ఒక్క కణమే. నిశ్శబ్దంగా బతికిపోయే ట్రాన్స్‌లొకేషన్ గురించే ఎక్కువ ఆలోచించాలి. తొమ్మిదో క్రోమోజోమ్ తోక, 22వ దాని తోక తారుమారైతే వచ్చేదే సీఎమ్ఎల్ అనే రక్త క్యాన్సర్. అక్కడ కురచగా కనిపించే 22వ క్రోమోజోమ్‌ను హంగర్‌ఫర్డ్‌తో కలిసి 1960లో మొదట చూపించినదీ ఆ నోవెల్ గారే. లక్షల ముడుల్లో అలా సరిగ్గా ఆ చోటే పడటం చాలా అరుదు. 100 మిల్లీసీవర్ట్ల వల్ల జీవితకాలంలో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరిగేది సుమారు నూటికి ఒకటి, లేదా అంతకంటే తక్కువ అని అంచనా. మన దేశంలో ఏ రేడియేషన్ పనీ చేయనివాళ్లలోనే సుమారు తొమ్మిది మందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు వస్తోంది. దీనికి భయపడి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. ఏడాదికోసారి బ్లడ్ కౌంట్ చూపించుకుంటూ, బీడీ సిగరెట్ ఉంటే మానేస్తే చాలు.

తాడిపత్రి వేరుశనగ:

మా అగ్రికల్చర్ వాళ్లకు ఈ తెగడమే వరమైంది మేడమ్. ముంబైలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రం తెచ్చిన వేరుశనగ రకాలు, మా వైపు వేసే టీఏజీ-24 తో సహా, వాటి వంశం మొదలైంది ఎక్స్ కిరణాలు వేసిన విత్తనాల నుంచే. చాలా మొక్కలు చచ్చిపోతే, పనికొచ్చే మార్పు ఉన్న కొన్నిటిని ఏరి, సంకరం చేసి తెచ్చారు. తింటే రేడియేషన్ వస్తుందా అని రైతులు ఇప్పటికీ అడుగుతారు. మీరు చెప్పినట్టే, కిరణం విత్తనంలో మిగలదు.

గాజువాక తమ్ముడు:

రిపోర్టు వచ్చింది. వెయ్యి కణాలు చూశారు, రెండు డైసెంట్రిక్‌లు. కంపెనీవాళ్లు ఇది నార్మలే, అంటే బ్యాడ్జి తప్పు, ఫైల్ మూసేద్దాం అంటున్నారు. నిజమేనా మేడమ్?

పాత మైక్రోస్కోప్:

కాదు. ఈ రిపోర్టు ఆ మాట చెప్పదు.

వెయ్యిలో ఒకటి మామూలు మనిషికే ఉండొచ్చు. నిజంగా 0.11 గ్రే తగిలితే సగటున నాలుగు దాకా రావాలి. సగటు నాలుగు అయినప్పుడు ఒకసారి రెండు రావడం, ఒకసారి ఆరు రావడం మామూలే. కాబట్టి రెండు అన్న అంకె సున్నాకూ సరిపోతుంది, 112కూ సరిపోతుంది. లెక్క కట్టి చూస్తే పై హద్దు 0.2 గ్రే దగ్గర ఉంటుంది. ఇది కచ్చితంగా చెప్పేది ఒక్కటే, పెద్ద డోసు తగల్లేదు. అర గ్రే ఒక్కసారిగా తగిలి ఉంటే పాతిక దాకా కనిపించేవి. అక్కకు ఆ మాట చెప్పండి, అది నిజంగా మంచి వార్త.

బ్యాడ్జి తప్పో కాదో తేల్చాల్సింది విచారణ. సోర్స్ ఇరుక్కున్న రాత్రి దాని బలం ఎన్ని క్యూరీలు, మీ బావగారు ఎంత దూరంలో, ఎన్ని నిమిషాలు ఉన్నారు, పాకెట్ డోసిమీటర్ ఎంత చూపింది, సర్వే మీటర్ రిపేరుకు ఎప్పుడు వెళ్లింది, ఇవి రాయించండి. ఇరిడియం బలం 74 రోజులకు సగమవుతుంది కాబట్టి ఏ తేదీన జరిగిందో కూడా లెక్కలో కావాలి. ఈ అంకెలుంటే డోసు కాగితం మీదే కట్టవచ్చు, అది 112 దగ్గరికి వస్తే బ్యాడ్జి నిజమే చెప్పినట్టు.

ఇంకో మాట. ఈ పని ఒక్కరే చేయరు. ఆ రాత్రి పక్కన హెల్పర్ ఎవరు? అతని బ్యాడ్జి ఎంత చూపింది?

గాజువాక తమ్ముడు:

హెల్పర్ శ్రీకాకుళం కుర్రాడట మేడమ్, కాంట్రాక్టర్ తెచ్చిన రోజు కూలీ. అతనికి బ్యాడ్జే ఇవ్వలేదు. ట్యూబ్ మార్చడానికి పట్టుకున్నది అతనే. పని మానేసి ఊరెళ్లిపోయాడు.

పాత మైక్రోస్కోప్:

అయితే అతన్ని పట్టుకోండి బాబూ, ఇవాళే. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక యూనివర్సిటీ వేలంలో అమ్మిన పాత యంత్రంలోంచి కోబాల్ట్-60 తుక్కు దుకాణాలకు చేరింది. ఒకరు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రుల పాలయ్యారు. అక్కడ ఎవరి ఒంటి మీదా బ్యాడ్జి లేదు. బ్యాడ్జి లేనివాడికి ఎంత తగిలిందో చెప్పగలిగేది అతని రక్తమే. నాలుగైదు నెలలైనా డైసెంట్రిక్‌లు ఇంకా ఉంటాయి, కాబట్టి సమయం దాటిపోలేదు.

ఫోన్ చేయగానే ముందు వేళ్ల గురించి అడగండి. ఆ రాత్రి తరవాత రెండు మూడు వారాలకు ఎర్రబడ్డాయా, తోలు ఊడిందా, గోళ్ల కింద నొప్పి ఉందా, తిమ్మిరి ఉందా? ఎండకో, వేడి పైపుకో కాలిందనుకుని పసరు రాసి ఊరుకుని ఉండవచ్చు. ఏమాత్రం ఉన్నా చర్మ డాక్టరుకు రేడియేషన్ మాట చెప్పి చూపించాలి. చెప్పకపోతే మామూలు కాలిన గాయం మందు ఇచ్చి పంపేస్తారు. రేడియేషన్ పుండు పైకి మానినట్టే ఉండి నెలల తరవాత తిరగబెడుతుంది.

మీ బావగారు కంపెనీకి రాసే కాగితంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. కుర్రాడి రక్తం ఖర్చు వాళ్లే పెట్టుకోవాలని అందులోనే రాయండి, ఒక కాపీ ఏఈఆర్‌బీకి పంపండి.

గాజువాక తమ్ముడు:

నంబరు దొరికింది మేడమ్. బావగారు మాట్లాడారు. కుడిచేతి రెండు వేళ్లకు తోలు ఊడి మళ్లీ వచ్చిందట, ఎవరికీ చూపించలేదట. రేపు బస్సెక్కిస్తున్నాం, నేనే ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లి తీసుకొస్తాను.

జుబైల్ నైట్‌షిఫ్ట్:

బ్రదర్, అతను చేయి చూపించే ముందే ఫొటోలు తీసి తేదీ వేసి పెట్టుకోండి. గైడ్ ట్యూబ్ ఎక్కడ పట్టుకున్నాడో, ఎంతసేపో బావగారి ముందే చూపించమని రాసుకోండి. ఆ దూరం, ఆ సమయం లేకుండా చేతి డోసు ఎవరూ లెక్క కట్టలేరు.